వంటింటి కిటికీయు వంటగట్టును

గృహనిర్మాణమును గూర్చి మన పెద్దలు వ్రాసినది కొంచెము కాదు. సింహద్వారము ఏ దిక్కున నుండవలెను, నుయ్యి ఎచట త్రవ్వవలెను, దూలములు సరిసంఖ్యగా నుండవలెనా బేసిసంఖ్యగా నుండవలెనా యను విషయములపై పుటలకు పుటలు నిండినవి. కాని వంటయింట నిలిచి పనిచేయు స్త్రీ మోచేయి నేలనుండి ఎంత యెత్తున నుండును, ఆమె యెదుటి కిటికీ యడుగు ఎంత యెత్తున నుండవలెను అను మాట వారి విచారములో రాలేదు. ఇది వారి దోషము కాదు. ఆ కాలమున స్త్రీ కూర్చుండి వండెను. గట్టే లేనినాడు గట్టునకు సరిపడు కిటికీ ప్రసక్తి యెట్లు కలుగును? గట్టు వచ్చిన పిదపనైనను ఆ ప్రసక్తి ఏల కలుగలేదని మేమిచ్చట విచారింపదలచితిమి.

హైదరాబాదునుండి ఉప్పలు మీదుగా వరంగల్లు బాటను తూర్పునకు బోవువారికి ఘట్‌కేసర్ తగులును. సికింద్రాబాదునుండి కాజీపేట మీదుగా బెజవాడకు 1889 నాటికి పూర్తియైన నిజాము రైలుమార్గమున నిది యొక స్టేషను. 2016లో జిల్లాలను పునర్విభజించినపుడు ఇది రంగారెడ్డి జిల్లాను వీడి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరెను. వలయరహదారి దీని ప్రక్కగా పోవుచున్నది. చేరువనున్న పోచారమున కంప్యూటరు కంపెనీలు వెలసినవి. ఉప్పలునుండియు నాచారము పారిశ్రామికవాడనుండియు కుటుంబములు ఇటు జరిగి, గజముల లెక్కను స్థలములు కొని యిండ్లు కట్టుకొనుచున్నవి. నేలపొయ్యి యెరిగిన ముదుసలియు, కిరసనాయిలు స్టవ్వు యెరిగిన కోడలును, గ్యాసు తప్ప వేరెరుగని మనుమరాలును ఒకే కప్పు క్రింద నున్న యిండ్లు ఈ ప్రాంతమున నేటికిని గలవు గనుక, మా విచారమున కిట్టి చోటు మిక్కిలి యనువైనది.

పాతయింటిని ముందుగా చూతము. ఈ ప్రాంతమంతయు నల్లరాతిగుండ్ల సీమ. పునాది ఆ రాతితోనే వేసి, పైన మట్టిగోడ పెట్టి, గూనపెంకు కప్పుచుండిరి. వంటర్ర ఇంటి వెనుకభాగమున నుండెడిది. అందలి పనియంతయు నేలమీదనే. పొయ్యి నేలమీద, కత్తిపీట నేలమీద, రోలు నేలలో పాతబడి యుండెను, నీళ్లబిందె నేలమీద, తినుటయు నేలమీదనే. నేలమీద పీటవైచి కూర్చున్న స్త్రీ కన్నులు సుమారు రెండున్నర యడుగుల యెత్తున నుండును. ఆ యెత్తున గోడకు కిటికీ లేదు. పైన నెక్కడో చేయి దూరునంత కంత యొకటి యుండినను అది పొగ కేర్పడినదే కాని ఆమె కంటి కేర్పడినది కాదు. మిగిలిన పొగ పెంకుల సందులనుండి తనంత తాను పోవలసినదే. వెలుతురు వచ్చుటకు వాకిలి యొక్కటియే దారి. ముందరి యరుగుమీద కూర్చున్న మగవారికి మాత్రము వీధి కనబడునట్లు తక్కువ యెత్తున కిటికీలు పెట్టిన యిండ్లు మన దేశమున పెక్కు గలవు. కిటికీ యెత్తు కూర్చున్నవాని చూపును బట్టి నిర్ణయింపబడవలెనని మనవారెరుగకపోలేదన్నమాట. ఎవరి చూపు అనునదియే ప్రశ్న.

కూర్చుండి వండుట అనాగరికమని మేము చెప్పబూనలేదు. మోకాళ్లు బాగుగా నున్నంతకాలము అది సుఖమైన పద్ధతియే. కష్టమంతయు పొగవలన. కట్టెలు, పిడకలు, కందికంప, పత్తికట్టె వీనిని మూసిన గదిలో కాల్చి, ఊదుగొట్టముతో ఊది, చంటిబిడ్డను ఒడిలో నుంచుకొని మన తల్లులు వండిరి. ఇంటిలోని పొగవలన 2020లో లోకమంతట సుమారు 32 లక్షలమంది అకాలమరణము పొందిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. అందు అయిదేండ్లు నిండని పసివారే రెండు లక్షలకు పైగా నుండిరి. యుద్ధములను గూర్చి చరిత్రగ్రంథములు వ్రాయుచున్నాము. వంటయింటి పొగను గూర్చి వ్రాసినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే.

అట్టివారిలో నొకరు మన హైదరాబాదువారగుట సంతోషకరము. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజు గారు పొగలేని పొయ్యిని రూపొందించిరి. ఆ పరిశోధనాలయము పేరి తొలియక్షరములనుబట్టియే దానికి హెర్ల్ చుల్లా యను పేరు వచ్చినది. వార్ధాలో గ్రామపరిశ్రమల సంఘమువారు మగన్ చుల్లాయని అట్టి పొయ్యినే ప్రచారము చేసియుండిరి. రాజుగారి పొయ్యి మట్టితో నిర్మింపదగినది. ఒకే మంటపై పాత్రలను వరుసగా నిలిపి, వేడి యొకదాని క్రిందనుండి మరియొకదాని క్రిందికి పోవునట్లు చేసి, కడకు పొగను గొట్టముద్వారా వెలికి పంపుట అందలి కిటుకు. దీనిని గూర్చి వారు కోట్లమందికి పొగలేని వంటయిండ్లు అను భావము వచ్చు పేరుతో ఇంగ్లీషున వ్రాసిన గ్రంథము 1953లో మద్రాసున ప్రకటింపబడెను. నీటిపారుదల పనులు నేర్చిన ఇంజనీర్ల నడుమ కూర్చుండి పొయ్యిని గూర్చి గ్రంథము వ్రాయుట ఆ దినములలో ఎంత సాహసమో చదువరులే యూహింపవచ్చును. వంతెన కట్టినవానికి శిలాఫలకముండును. పొయ్యి కట్టినవానికి మసియే.

పొగగొట్టము వచ్చుటతో నొక విశేషము జరిగినది. అంతవరకు పొయ్యి గదిలో ఎచటనైన నుండవచ్చును. గొట్టము కావలెనన్న నది గోడ నాశ్రయింపవలెను. గోడకును పొయ్యికిని సంబంధ మేర్పడినది. పొయ్యి గోడను చేరిన పిమ్మట దాని కెగువ కిటికీ యెచటనుండవలెనను ప్రశ్న తప్పక పుట్టవలసినదే. కాని ఆ పొయ్యి పల్లెలలో నిలుకడగా వ్యాపింపకపోవుటచే ప్రశ్నయు నణగిపోయెను. 1983లో కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల కార్యక్రమము ప్రారంభించి దాదాపు ఇరువదియేండ్లు నడపినను, గొట్టములు పగిలిన పిమ్మట బాగుచేయువారు లేక పెక్కుచోట్ల ఆ పొయ్యిలు మూలబడెను.

స్త్రీని నిలువబెట్టినది గ్యాసు. బర్మాషెల్ కంపెనీ 1955లో బొంబాయిలో గ్యాసు సిలిండర్ల నమ్మ నారంభించెను. 1965లో ఇండేన్ కలకత్తాలో వెలువడెను. పట్టణములలోని మధ్యతరగతి యిండ్లకు తరువాతి పాతికయేండ్లలో నది మెల్లమెల్లగా వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1999లో దీపము పథకముక్రింద మహిళాసంఘముల సభ్యురాండ్రకు గ్యాసు కనెక్షన్లిచ్చెను. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చెను. గ్యాసుతోపాటు కంపెనీవారి నియమ మొకటి వచ్చినది. సిలిండరు నేలమీద నిలువుగా నుండవలెను, పొయ్యి దానికంటె ఎత్తున నుండవలెను అని. అందుచే గట్టు కావలసివచ్చెను. సిలిండరు దాని తలమీది రెగ్యులేటరుతో సహా క్రింద పట్టునంత యెత్తున మేస్త్రి బండ పరచెను. మన వంటగట్టు యెత్తును మొదట నిర్ణయించినది స్త్రీ మోచేయి కాదు, సిలిండరు మెడ యని మా యభిప్రాయము. ఆ యెత్తు ఆమెకు ఇంచుమించుగా సరిపోవుట అదృష్టమే కాని ఆలోచన కాదు.

బండకు మనకు కొదువలేదు. వాడినుండి సికింద్రాబాదునకు 1874లో వేసిన రైలుమార్గము షాబాదు, తాండూరుల రాతిగనుల ప్రక్కగా వచ్చినది. ఆ బండలే హైదరాబాదు చుట్టుపట్ల యిండ్ల నేలలైనవి. గట్టునకు కడపబండ వచ్చినది. తరువాత దానిపై నునుపుపట్టిన గ్రానైటు పరచుట వాడుకయైనది. కరీంనగరము గోధుమరంగు రాయియు, ప్రకాశము జిల్లా చీమకుర్తిలో దొరకు చుక్కల నల్లరాయియు దేశదేశములకు పోవుచున్నవి. ఘట్‌కేసరు గృహిణికిని అవి యందుబాటులోనే యున్నవి. రాయి దొరకినది. కొలత దొరకలేదు.

ఇచట వాస్తుశాస్త్రమును గూర్చి యొకమాట. వంటయిల్లు ఆగ్నేయమున నుండవలెననియు, వండునది తూర్పుముఖముగా నుండవలెననియు మనవారి యాచారము. ఆమె నేలమీద తూర్పుముఖముగా కూర్చున్నంతకాలము ఎదుట నున్నది వట్టి గోడ. ఆమె లేచి నిలుచుటతోనే గట్టు తూర్పుగోడ నంటుకొన్నది. గాలికి వెలుతురుకు కిటికీయు ఆ తూర్పుగోడకే వచ్చినది. వేయియేండ్లుగా నొకదానినొకటి యెరుగని గట్టును కిటికీయు ఒక్క గోడమీద ఢీకొన్నవి. ఆచారమును మార్చనక్కరలేకయే సుధారింపదగిన విషయమిది, గాని ఎవరును తలపెట్టలేదు.

పాశ్చాత్యదేశములలో ఈ ఆలోచన ముందే బయలుదేరెను. అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అను నామె 1912 ప్రాంతమున, కార్ఖానాలో కూలివాని కదలికలను లెక్కించినట్లు వంటయింట స్త్రీ వేయు అడుగులను లెక్కించి వ్రాసెను. ఆ మార్గమునే యనుసరించి మార్గరెట్ షూట్-లిహోట్‌స్కీ అను ఆస్ట్రియా శిల్పిని 1926లో జర్మనీయందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున కార్మికుల యిండ్లకై చిన్న వంటగది నొకదానిని రచించెను. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైలుబండి భోజనశాలలోని వంటగదులను చూచి ఆమె పొదుపు నేర్చెను. కూరలు తరుగు బల్లను కిటికీ క్రిందనే యుంచి, కూర్చుండి పనిచేసికొనుటకు తిరుగుడుపీటను గూడ నమర్చెను. అట్టి వంటగదులు ఆ నగరమున సుమారు పదివేలు కట్టబడెను. అంతవరకు తా నెన్నడును వంట చేసి యెరుగనని ఆమెయే పిమ్మట చెప్పుకొనుట వినోదము. వండనేరకున్నను కొలువ నేర్చినది. మనకు వండనేర్చినవారు కోట్లమంది యుండియు కొలిచినవారు లేరు.

అమెరికాయందే లిలియన్ గిల్‌బ్రెత్ అను విదుషి 1929లో నమూనా వంటయింటి నొకదానిని రచించి, బల్ల యెత్తు పనిచేయు స్త్రీ యెత్తునుబట్టి మారవలెనని బోధించెను. కాని సామాను తయారుచేయు కంపెనీలకు ఒకే కొలత లాభము గనుక, కాలక్రమమున అచట అందరికిని 36 అంగుళములే స్థిరపడెను. ఆ 36 అంగుళములే ఇపుడు బొమ్మల పుస్తకములనుండి మన యిండ్లకు దిగుమతియగుచున్నవి. మన స్త్రీల సగటు ఎత్తు సుమారు అయిదడుగులు. అట్టి యామె మోచేయి నేలనుండి 38 అంగుళముల దాపున నుండును. తరుగుటకు, కలుపుటకు బల్ల మోచేతికంటె నాలుగైదంగుళములు క్రిందుగా నుండవలెనని పనివారి యనుభవము. అనగా 33 అంగుళములు. పొయ్యికి ఇంకను తక్కువ కావలెను. ఏలయన స్టవ్వు యెత్తును దానిపై గిన్నె యెత్తును కలియును. గిన్నె లోతు చూచుటకై మడమలెత్తి నిలుచు స్త్రీల నెందరినో మేమెరుగుదుము. అంట్లు తోము సింకు కడ మాత్రము చేతులు తొట్టి యడుగున పనిచేయును గనుక కొంచె మెత్తయినను బాధలేదు. ఆ పని చేయునది ఇంటి గృహిణియా, పనిమనిషియా యనునది కొలతకు సంబంధించినది కాదు. నడుము ఇద్దరికిని ఒక్కటే.

ఇక కిటికీ. నేటి నిర్మాణమున తప్పు ఎచట జరుగుచున్నదో జాగ్రత్తగా చూడవలెను. ఇంటిపటము పైనుండి చూచినట్లు గీయబడును. దానియందు కిటికీ వెడల్పు కనబడును గాని ఎత్తు కనబడదు. 2020లో తెలంగాణ ప్రభుత్వము తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టము 600 చదరపు గజములవరకు గల స్థలములలో చిన్నయిండ్లకు యజమాని స్వయంధ్రువీకరణము చాలునని వీలు కల్పించెను. పని సులభమైనది, పటమును నిదానముగా చూచు అలవాటు మాత్రము పెరుగలేదు. గోడ మూడడుగులు లేచుసరికి మేస్త్రి అన్ని గదులకును ఒకే మట్టమున కిటికీ యడుగు నిలుపును. దీనినే వారు సిల్లు అందురు. అప్పటికి నేల పరచబడలేదు. కొన్ని నెలలకు కంకరయు, సున్నమో సిమెంటో, దానిపై బండయు చేరి నేల మూడంగుళములు పైకి వచ్చును. మూడడుగుల సిల్లు 33 అంగుళములగును. రెండున్నర యడుగుల సిల్లయినచో 27 అంగుళములే. ఆ పిమ్మట వచ్చును వంటగట్టు పనివాడు. అతడు వేరు, మేస్త్రి వేరు; ఒకరి మొగ మొక రెరుగరు. అతడు 33 అంగుళములకు బండ పరచును.

ఫలితమేమి? సిల్లు తక్కువైనచోట బండ కిటికీకి అడ్డముగా పోవును. బండకును కిటికీ రెక్కకును నడుమ నొక గోయి యేర్పడును. అందు చేయి పట్టదు, గుడ్డ పట్టదు; బొద్దింకకు మాత్రము పట్టును. బయటినుండి చూచువారికి కిటికీలో బండ యంచు నల్లగా నడ్డముగా కనబడును. రెండును సరిసమానమైనచోట, సింకు నీరు చిందినదెల్ల కిటికీ చట్రము క్రిందికి పోవును. కొయ్యయైన కుళ్లును, ఇనుమైన తుప్పుపట్టును. అల్యూమినియమైనను గోడ చెమ్మగిలును. రెక్క లోపలికి తెరచుకొనునదైనచో సింకు కుళాయి మెడ తగిలి ఆ కిటికీ ఎన్నటికిని తెరువబడదు. తెరువబడని కిటికీ గల వంటయిల్లు, కంత గల పాత వంటర్రకంటె ఏమి మేలు?

అందుచే లెక్క ఇట్లు చేయదగును. పరచబోవు నేల మందము కలుపుకొని, గట్టు 33 అంగుళములైనచో సిల్లు దానికి నాలుగునుండి ఆరంగుళములు పైన, అనగా 37 మొదలు 39 అంగుళములలో నుండవలెను. ఆ నడుమ వెడల్పు రాతిపట్టీ గోడ కానించి నీటి నాపును. గట్టు బండయే వంపు లేకుండ కిటికీలోనికి సాగి పూలకుండి పెట్టుకొనుటకు అరగా నుండవలెనని కొందరు ముచ్చటపడుదురు. అదియు నందమైనదే, కాని అపుడు కిటికీ చట్రమును బండ పరచిన తరువాతనే నిలుపవలెను, బండ వెలుపలి యంచు బయటికి వాలుగా నుండవలెను, రెక్క బయటికి తెరచుకొనవలెను, లేదా ప్రక్కకు జరుగవలెను.

సిల్లు పైకి జరిపినచో కిటికీ చిన్నదగునను భయ మక్కరలేదు. పొగయు ఆవిరియు పైకి పోవునవి; వానికి కావలసినది కిటికీ తల యెత్తు కాని యడుగు యెత్తు కాదు. తల ఏడడుగుల లింటెలు వరకు పోనిచ్చి, తగ్గిన యెత్తును వెడల్పులో చేర్చుకొనవలెను. వంటగదికి బయటి గాలిలోనికి తెరచుకొను కిటికీ కనీస మొక చదరపు మీటరుండవలెనని జాతీయ భవననిర్మాణ నియమావళి విధించినది. సిల్లు 39 అంగుళములు, తల 84 అంగుళములు నైనచో ఎత్తు 45 అంగుళములు మిగులును. మూడున్నర యడుగుల వెడల్పు పెట్టినచో చట్రము పోగా ఒక మీటరు దక్కును.

గ్యాసు విషయమున మాత్రము కిటికీని నమ్మరాదు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలనుండియే ప్రాకి మూలలలో నిలుచును. నడుమెత్తున నున్న కిటికీ దానిని వెలికి పంపజాలదు. క్రింద గోడకు చిన్న జాలీయో, వాకిలియో యుండవలెను. పాతయింటివారు నీరు పోవుటకై గోడ యడుగున విడిచిన తూము ఈ పనికి చక్కగా నుపకరించియుండెడిది. దానిని మనము నాజూకుకై మూసివైచితిమి. పొయ్యిని కిటికీ కెదురుగా పెట్టుటయు తగదు. గాలికి మంట యారును, ఆరిన మంటనుండి గ్యాసు వెలువడుచునే యుండును. కిటికీ క్రింద నుండవలసినది సింకు, లేదా తరుగు చోటు. వాస్తుప్రియులకు సంతోషము కలిగించు విషయమేమనగా, నీరు ఈశాన్యమున, అగ్ని ఆగ్నేయమున నుండవలెనను వారి నియమము ననుసరించి తూర్పుగోడ ఉత్తరపు కొసను సింకును దానిపై కిటికీయు, దక్షిణపు కొసను పొయ్యియు నుంచినచో శాస్త్రమును నిలుచును, మంటయు నిలుచును.

ఇల్లు కట్టునపుడు స్థలము కొనుట, అప్పు తెచ్చుట, ఇంజనీరుతో మాటలాడుట పురుషుని పనిగాను, ఇల్లు పూర్తియైన పిమ్మట పాలు పొంగించుట స్త్రీ పనిగాను మన కుటుంబములలో నేటికిని నడచుచున్నది. చదివిన స్త్రీలు, ఉద్యోగములు చేయు స్త్రీలు, అప్పులో సగము కట్టు స్త్రీలు గూడ టైల్సు రంగు ఎంచుకొనుటకు పిలువబడుచున్నారు గాని సిల్లు నిలుపునాడు పిలువబడుట లేదు. రంగు నచ్చకున్న మార్చవచ్చును. గోడలో నిలిచిన చట్రమును మార్చుట అట్టిది కాదు. ఆ యెత్తున ఆమె దినమునకు మూడు నాలుగు గంటలు, ముప్పదియేండ్లు నిలువవలెను.

చేయవలసిన పని పెద్దది కాదు. గోడ లేచుచున్న దినములలో ఆమెను అచటికి తీసికొనిపోవలెను. పరచబోవు నేల మందమునకు సరిగా బండముక్కలు పేర్చి వానిపై నిలువబెట్టి, మోచేయి మడచి గోడపై సుద్దగీత గీయింపవలెను. అత్తయు కోడలును ఇద్దరును వండు ఇల్లయినచో ఇద్దరి గీతలును గీచి, పొట్టియామె గీతనుబట్టి పొయ్యి తావును, పొడుగామె గీతనుబట్టి సింకు తావును పెట్టవచ్చును. గట్టు ఆ మూలనుండి ఈ మూలకు ఒకే మట్టమున నుండవలెనను శాసన మెచటను లేదు. ఇదివరకే సిల్లు తక్కువగా నిలిపిన యిల్లయినచో, గట్టు వేయకమునుపే చట్రమును విప్పించి, రెండు వరుసల యిటుక లేపించి తిరిగి నిలుపుట ఒకటి రెండు దినముల పని.